పెదవి మీద పైరవీ

ఆ మంగళవారం కాశీనాథ్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పొద్దున ఏడింటికి చేవెళ్లలో తన కిరాణా కొట్టు తెరవాలి. తొమ్మిదింటికి గల్లా తల్లికి అప్పగించి, కూతురిని స్కూటరు మీద మొయినాబాద్ తీసుకుపోయి పిల్లల పళ్ల డాక్టరుకు చూపించాలి. పన్నెండింటికి నూనె డబ్బాల బండి వచ్చేలోపల తిరిగి రావాలి. ఇంతకన్నా నిరపాయమైన ప్లాను ఆ మండలంలో ఆ రోజు ఎవరూ వేసుకుని ఉండరు.

ఏడేళ్ల హర్షిత కింది పెదవి లోపలివైపు ఒక బుడగ లేచింది. శనగగింజంత ఉంటుంది. కొంచెం నీలంగా, మెత్తగా, చూడ్డానికి నీళ్ల పొక్కులా ఉంది. నొప్పేమీ లేదు గానీ నాలుకకు అడ్డం తగులుతుంటే పిల్ల దాన్ని పళ్లతో కొరుకుతూ కూర్చునేది. తరగతిలో పక్కన కూర్చునే వర్షితకు లోకంలో తెలియని విషయం లేదు. "డాక్టర్ కత్తెరతోని పెదవి కట్ చేస్తడు" అని ఆమె తేల్చేసింది. అప్పటినుంచి హర్షిత సగం అన్నం కంచంలోనే వదిలేస్తోంది.

"డాడీ, కోస్తరా?"

"కొయ్యరు బిడ్డా."

"ఒట్టు?"

కాశీనాథ్ ఆమె తల మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు. బియ్యం పాతవేనా అని అడిగితే కొట్టులో రోజుకు పదిసార్లు ఒట్టేసే మనిషే, కానీ బిడ్డ తల మీద వెయ్యడం ఇదే మొదటిసారి. డాక్టరు ఏమంటుందో తెలియకుండా ఒట్టేసిన తండ్రిని తెలివైనవాడని ఎవరూ అనరు. అలాగని కూతురు అలా చూస్తుంటే "ఉండు, డాక్టర్ని అడిగి చెప్త" అనగల తండ్రి ఎక్కడైనా ఉంటే అతని కాళ్లకు దణ్ణం పెట్టాలి.

అతను చేసిన తప్పు ఇది కాదు. అసలు తప్పు ఎనిమిదిన్నరకు చేశాడు.

మొయినాబాద్ డాక్టరమ్మ దగ్గర రద్దీ ఎక్కువ. టోకెన్ తీసుకుని కూర్చుంటే ఒంటిగంట అవుతుంది, ఈలోపు నూనె బండి వచ్చి పోతుంది. మనవాళ్లకు వరసలో నిలబడడం కన్నా ఫోన్ చెయ్యడం తేలిక. రేషన్ కార్డు కావాలన్నా, కరెంటు మీటరు కావాలన్నా, బడిలో సీటు కావాలన్నా ముందు అడిగే మాట "తెలిసినోళ్లు ఎవరన్న ఉన్నరా?" అనే. కాశీనాథ్‌కూ తెలిసినవాడు ఉన్నాడు. కనకమామిడి మాజీ సర్పంచ్ వెంకటయ్య ఇరవై ఏళ్లుగా సరుకులు అతని దగ్గరే తీసుకుంటాడు. డాక్టరమ్మ క్లినిక్ పెట్టిన బిల్డింగు వెంకటయ్య బామ్మర్దిది.

"అన్నా, బిడ్డకు పెదవి మీద పొక్కు అయింది. డాక్టరమ్మకు జర చెప్పు, ముందుగల చూడుమని."

"గంతేనా? నువ్వు బయలెల్లు. నేను చూసుకుంట" అన్నాడు వెంకటయ్య.

ఆ సమయంలో వెంకటయ్య ఎక్కడున్నాడో కాశీనాథ్‌కు తర్వాత తెలిసింది. బిక్షమన్న ఫామ్‌హౌస్ వరండాలో ఉన్నాడు. బిక్షమన్న ఆ చుట్టుపక్కల నాలుగు మండలాలకు పెద్ద లీడరు. రాబోయే ఎన్నికల్లో టికెట్ అడుగుదామని వెంకటయ్య గంట సేపటినుంచి ఆయన ఎదుట కూర్చున్నాడు, నోరు తెరిచే సందు మాత్రం దొరకలేదు. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. ఫోన్ పెట్టేయగానే బిక్షమన్న వెంకటయ్యవైపు తిరిగి "ఏందే?" అన్నాడు. గంటలో ఆయన అడిగిన మొదటి మాట అదే. దానికి "ఏం లేదన్నా" అని జవాబు చెప్పి మళ్లీ మూలకు ఒదిగిపోయేంత అమాయకుడు కాడు వెంకటయ్య.

"చేవెళ్ల సేటు బిడ్డ అన్నా. నోట్ల గడ్డ అయింది."

"పెద్దదా?"

"చిన్నదయితే మీ దాకా తెస్తనా?"

ఇవతల మొయినాబాద్‌లో పని చకచకా అయిపోయింది. టోకెన్ లేకుండానే హర్షిత పేరు పిలిచారు. డాక్టర్ సమత టార్చి వేసి, పెదవి తిప్పి, వేలితో నొక్కి చూసి, పిల్లతో "ఇంతేనా! నేనింకా పెద్దదనుకున్న" అని నవ్వింది.

"పెదవి లోపల ఉమ్మి ఊరే చిన్న గ్రంథులుంటయ్. పంటి గాటు పడి ఒకదాని దారి తెగింది. ఉమ్మి బయటికి పోలేక బుడగలెక్క నిలిచింది. ప్రమాదమేం లేదు, ఇప్పుడైతే కొయ్యాల్సిన పనే లేదు."

కాశీనాథ్‌కు ఆమె కాళ్ల మీద పడాలనిపించింది.

"ఈ ట్యూబు మందు రోజుకు మూడుసార్లు పలుచగా రాయండి. రాసినంక అరగంట దాకా నీళ్లు కూడా తాగొద్దు, మాట్లాడకపోతే ఇంకా మంచిది. కొరికే అలవాటు మానాలె. మూడు వారాలు చూద్దాం, ఎక్కువ మందికి దీనితోనే పోతది. పోకపోతే అప్పుడు ఆలోచిద్దాం." తర్వాత గొంతు తగ్గించి అతనికే చెప్పింది. "ఇంట్ల ఎవరూ దీన్ని పెద్ద ముచ్చట చెయ్యొద్దు. భయమైతే కొరుకుతది, కొరికితే పెరుగుతది. అప్పుడు కొయ్యక తప్పకపోవచ్చు."

ఎవరూ పెద్ద ముచ్చట చెయ్యొద్దట! పాపం, ఆ డాక్టరమ్మకు చేవెళ్ల తెలియదు.

పన్నెండుంబావుకు నూనె డబ్బాలు దింపిస్తుంటే వెంకటయ్య ఫోన్.

"కాశీ, నీ పని అయిపోయింది! బిక్షమన్న సొంతంగ పట్నం పెద్ద దవాఖానకు మాట్లాడిండు. పెద్ద డాక్టర్ ఇప్పుడు దేశంల లేడట. రాంగనే మొదటి ఆపరేషన్ మన హర్షితదే. వచ్చే నెల తొమ్మిది, గురువారం."

కాశీనాథ్ చేతిలో డబ్బా జారి కాలి మీద పడింది. ఆ నొప్పి అతనికి సాయంత్రం దాకా తెలియలేదు.

"ఆపరేషన్ ఎందన్నా? డాక్టరమ్మ మందిచ్చింది. కోత వద్దన్నది."

"ఆమెది చిన్న దవాఖాన. చిన్న దవాఖానల చిన్నగనే చెప్తరు."

"అది ఉత్త పొక్కు అన్నా!"

"ఉత్త పొక్కుకు నేను బిక్షమన్నకు చెప్తనా? ఆయన పట్నంకు ఫోన్ చేస్తడా? ఇప్పుడు వద్దంటే నా ఇజ్జత్ ఏం గావాలె?"

జబ్బును బట్టి పైరవీ ఉండాలని మనమనుకుంటాం గానీ, నిజానికి పైరవీని బట్టే జబ్బు ఉంటుంది. సర్పంచ్ దాకా పోతే పొక్కు, లీడర్ దాకా పోతే గడ్డ. ఇంకొక్క మెట్టు ఎక్కితే దానికేం పేరు పెడతారో!

ఆ మెట్టు ఎక్కడానికి ఒక్క రోజు పట్టింది. బిక్షమన్న మనుషులు వాట్సాప్ గ్రూపుల్లో హర్షిత పుట్టినరోజు ఫోటో పెట్టారు. "నోటి వ్యాధితో పోరాడుతున్న చేవెళ్ల చిన్నారికి అండగా బిక్షమన్న" అని దాని కింద రాశారు. బుధవారం పొద్దున కొట్టు తెరిచేసరికి ముందు పదిమంది నిలబడి ఉన్నారు. సరుకులకు వచ్చినవాడు ఒక్కడూ లేడు.

"సేటు, దిల్ గట్టిగ చేసుకో" అన్నాడు ఆటో జానీ, చెయ్యి పట్టుకుని.

"బుడగనే జానీ. ఉమ్మి నిలిచిన బుడగ."

"మా చిన్నాయన గూడ గట్లనే అన్నడు సేటు" అని జానీ తల దించుకున్నాడు. చిన్నాయనకు ఆ తర్వాత ఏమైందో అడిగే ధైర్యం అక్కడ ఎవరికీ లేకపోయింది.

ఏమీ లేదని కాశీనాథ్ ఎంత గట్టిగా చెబితే, ఎంత గుండె నిబ్బరం గల మనిషి, లోపలే దాచుకుంటున్నాడు అని జనం అంతగా కళ్లు తుడుచుకున్నారు. చెప్పకుండా ఊరుకుంటే, మాట కూడా రావడం లేదు పాపం అన్నారు. అందరూ మంచివాళ్లే. తిట్టడానికి ఒక్క దుర్మార్గుడైనా ఆ గుంపులో ఉంటే బాగుండునని అతనికి అనిపించింది.

వచ్చినవాళ్లెవరూ ఉత్త చేతులతో రాలేదు. బత్తాయిలు, బిస్కెట్లు, కొబ్బరిబొండాలు పట్టుకుని తిన్నగా ఇంట్లోకి పోయి, హర్షిత పెదవికి మందు రాసిన ఐదో నిమిషంలో నోట్లో బత్తాయి తొన పెట్టేవారు. వద్దంటే "తిననియ్యి, ఇప్పుడు గాక ఎప్పుడు తింటది?" అనేవారు. భార్య స్వప్నిక తలుపు గడియ పెడితే, కిటికీలోంచి అరటిపండ్లు వచ్చాయి.

చివరికి ఇంట్లోవాళ్ల వంతు వచ్చింది. గురువారం సాయంత్రం తల్లి నిర్మలమ్మ కొడుకును వంటింట్లోకి పిలిచింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నిజం చెప్పు కాశీ. నా దగ్గర దాస్తవా?"

"ఏంది దాచేది? డాక్టరమ్మ అన్న ముచ్చటే చెప్పిన గదమ్మా!"

"అంత పెద్దమనిషి పనులన్ని ఇడిసిపెట్టి ఫోన్ చేసిండంటే ఉత్తదేనారా? ఆయనకు తెల్వదా, నీకు తెలుసా?"

కన్నతల్లే నమ్మనప్పుడు ఇక నమ్మేవాళ్లెవరు? కాశీనాథ్ నీళ్లు తాగే నెపంతో గోడవైపు తిరిగి, గ్లాసు అడ్డం పెట్టుకుని, చప్పుడు కాకుండా ఏడ్చాడు.

మర్నాడు బడిలో ప్రగతి టీచర్ తనకు చేతనైన మంచి తాను చేసింది. ప్రార్థనప్పుడు హర్షితను ముందు కుర్చీలో కూర్చోబెట్టి, అయిదో తరగతి దాకా పిల్లలందరితో కళ్లు మూయించి దేవుణ్ణి వేడుకోమంది. కళ్లు తెరిచాక "నేను ముందే చెప్పిన గదా" అంది వర్షిత. ఆ సాయంత్రం పిల్ల ఇంటికి వచ్చేసరికి పెదవి వాచి, శనగగింజ కాస్తా బఠాణీ అయింది. పంటి గాట్లు లోపల ఎర్రగా కనబడుతున్నాయి.

"నేను చచ్చిపోతనా డాడీ?" అని అడిగింది.

అతనికి అప్పుడు వచ్చింది కోపం. ఆ కోపంతోనే స్కూటరు తీసి, కనకమామిడిలో బిక్షమన్న ఫామ్‌హౌస్‌కు పోయాడు. దారంతా అనాల్సిన మాటలు బట్టీ పట్టాడు. 'అన్నా, మీకు దండం. మా బిడ్డకు ఆపరేషన్ వద్దు.' రెండే ముక్కలు.

గేటు దగ్గరే బిక్షమన్న ఎదురొచ్చి కౌగిలించుకున్నాడు. లావుపాటి మనిషి. కాశీనాథ్ మాటలు ఆయన భుజంలో ఇంకిపోయాయి.

"నీ బిడ్డ నా బిడ్డ. ఫికర్ చెయ్యకు."

"అన్నా, మందుతోనే తగ్గుతదంట..."

"డాక్టర్లు ధైర్యం కోసం గట్లనే అంటరు." బిక్షమన్న కండువాతో కళ్లొత్తుకున్నాడు. నటన కాదు, నిజంగానే కళ్లు తడిగా ఉన్నాయి. అదే కాశీనాథ్‌ను పూర్తిగా దెబ్బతీసింది. "ఏయ్ వెంకటయ్యా! జనరల్ వార్డు వద్దు. బిడ్డకు సెపరేట్ రూమ్ మాట్లాడు."

వద్దని చెప్పడానికి పోయినవాడు సెపరేట్ రూముతో తిరిగొచ్చాడు.

ఇక మిగిలింది ఒకటే దారి. తొమ్మిదో తారీఖు లోపల బుడగ పోవాలి. పోవాలంటే మందు నిలవాలి, మందు నిలవాలంటే జనం లేని చోటు కావాలి. కొట్టు వెనక బియ్యం బస్తాల గోడౌన్ ఉంది. రోజూ మూడు పూటలా, షట్టరు సగం దించి "స్టాకు చూసుకుంటున్న" అని చెప్పి, తండ్రీకూతుళ్లు ఆ గోడౌన్‌లో దూరేవారు. బడి ఉన్న రోజు మధ్యాహ్నం పూట, భోజనానికని ఇంటికి పంపమని ప్రగతి టీచర్‌ను బతిమాలుకున్నాడు. మందు రాసి, ఇద్దరూ రెండు బస్తాల మీద ఎదురెదురుగా కూర్చుని, అరగంట సేపు మౌనంగా ఒకరినొకరు చూసుకునేవారు. ఆమె పళ్లు పెదవి మీదికి రాగానే అతను వేలు చూపించేవాడు. ఆమె నోరు తెరిచేది.

ఆ అరగంటలు అతనికి నరకంలా గడిచాయి. షట్టరు అవతల "సేటూ, బిడ్డకెట్లున్నది?" అని ఎవరో ఒకరు కొడుతూనే ఉండేవారు. స్టాకు చూసుకుంటున్నాడంటే దవాఖాన ఖర్చుకు కొట్టు అమ్మేస్తున్నాడేమో అని ఇంకో పుకారు పుట్టి, ఇద్దరు బేరానికి కూడా వచ్చారు. అతను వాళ్లకూ జవాబు చెప్పలేదు. గోడౌన్‌లో కూతురితో పాటు తనూ మాట్లాడకూడదని నియమం పెట్టుకున్నాడు మరి.

కిరాణా వాడికి కొలత అంటే గింజే. మొదటి వారం బఠాణీ మళ్లీ శనగ అయింది. రెండో వారం కందిపప్పు. ఒకరోజు బంధువుల బలగం దిగి మందు తుడిచిపెట్టి పిల్లను హడలగొట్టేసరికి తిరిగి శనగకు ఎక్కింది, ఆ పూట కాశీనాథ్ అన్నం ముట్టలేదు. మూడో వారం చివరికి పెసర. తొమ్మిదో తారీఖుకు ఇంకా మూడు రోజులుంది. పెసరగింజ కూడా కొయ్యదలుచుకుంటే కొయ్యచ్చు.

డాక్టర్ సమత చూసి "సగం పైన తగ్గింది, ఆపొద్దు" అంది. తనకూ ఫోన్లు వచ్చాయట. కోత అవసరం లేదని తాను చెబితే, "మీరు జర చిన్న డాక్టర్, అన్న పెద్ద డాక్టర్‌తో మాట్లాడిండు" అన్నారట. ఆమె నవ్వుతూనే చెప్పింది. అతనికి మాత్రం నవ్వు రాలేదు.

గురువారం పొద్దున ఏడింటికి మూడు కార్లు వచ్చి ఇంటి ముందు ఆగాయి. ముందు కారులో వెంకటయ్య కొత్త ఖద్దరు చొక్కాలో మెరిసిపోతున్నాడు. అప్పటిదాకా హర్షితకు ఎవరూ చెప్పలేదు. మొయినాబాద్ దాటి, గండిపేట దారి కూడా దాటి కారు ఇంకా పోతూనే ఉంటే ఆమె తండ్రివైపు తిరిగింది.

"డాక్టర్ మేడం దగ్గరికి కాదా?"

కాశీనాథ్ ముందు పోతున్న కారునే చూస్తూ కూర్చున్నాడు.

"ఒట్టేసినవ్" అంది ఆ పిల్ల. తర్వాత కిటికీవైపు తిరిగి కూర్చుంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. స్వప్నిక అతని మోచెయ్యి గిల్లి, కళ్లతోనే "ఏమన్న చెయ్యి" అంది. ముందొక కారు, వెనకొక కారు పెట్టుకుని నడిమధ్యలో కూర్చున్నవాడు ఏం చేస్తాడు? గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నాడు. గొడ్డలి పట్టుకున్నవాళ్లు కూడా ప్రేమతో పట్టుకున్నారు.

దవాఖానలో పెద్ద డాక్టర్ కాగితాలు చూసి, లైటు వేసి, పెదవి తిప్పాడు. ఒకవైపు చూశాడు. రెండోవైపు చూశాడు. కళ్లద్దాలు మార్చుకుని మళ్లీ చూశాడు.

"ఎక్కడుంది?"

వెంకటయ్య వంగి వెతికాడు. స్వప్నిక వెతికింది. కాశీనాథ్ కూడా వంగి చూశాడు. మొన్నటి పెసరగింజ ఆనవాలు లేదు. పెదవి లోపల గులాబీ రంగులో నున్నగా, ఏ పాపమూ ఎరగనట్టు ఉంది.

"ఏమీ లేదే ఇక్కడ! మందు వాడారా? మంచి పని చేశారు. ఇంకొన్ని రోజులు కొరక్కుండా చూసుకోండి, ఇంటికి పోండి."

కాశీనాథ్‌కు ఒళ్లంతా తేలికైంది. అది సరిగ్గా పది సెకన్లుంది.

"ఇంటికా?" వెంకటయ్య డాక్టరుకు అడ్డం వచ్చాడు. "కింద అన్న వచ్చిండు సార్. పేపరోళ్లను తెచ్చిండు. ఏదన్న ఒకటి కొయ్యున్రి!"

"లేనిది ఎట్లా కొయ్యమంటావయ్యా?"

వెంకటయ్య కిందికి ఫోన్ చేశాడు. అవతలి గొంతు గదిలో అందరికీ వినబడింది. "కనబడ్తలేదా? అయితే ఇంకా డేంజర్. లోపటికి పోయి ఉంటది. బిడ్డను వారం దినాలు అడ్మిట్ చేసి, నెత్తినుంచి కాళ్ల దాకా అన్ని పరీక్షలు చెయ్యమను. అవసరమైతే నేను ఇంకా పైకి మాట్లాడ్త."

ఇంకా పైకి! కాశీనాథ్ గోడ పక్కన ఉన్న స్టూలు మీద కూలబడి, చేతిని బుగ్గకు ఆనించుకుని, ఇక ఈ జన్మకు ఇంతే అన్నట్టు నేలచూపులు చూస్తూ ఉండిపోయాడు. తప్పించుకునే ఆలోచన ఒక్కటీ రాలేదు.

పెద్ద డాక్టర్ అతనివైపు చూశాడు. ముప్ఫై ఏళ్లుగా బుగ్గన చెయ్యి పెట్టుకున్నవాళ్లను చూస్తున్న మనిషి ఆయన. ఆయన లోకంలో ఆ భంగిమకు ఒక్కటే అర్థం.

"పన్ను నొప్పా? ఏదీ, నోరు తెరవండి."

కాశీనాథ్ ఎదురుచెప్పే ఓపిక లేక తెరిచాడు. డాక్టర్ లైటు వేసి చూసి ఈల వేసినంత పని చేశాడు.

"ఇంత పుచ్చిన జ్ఞానదంతం పెట్టుకుని ఎట్లా తిరుగుతున్నారండీ? అడ్డంగా పడుకుని పక్క పన్నును కూడా తినేస్తోంది. చిగురు కోసి తియ్యాలి."

"దీనికి మందు లేదా సార్?"

"దీనికి లేదు."

కాశీనాథ్ కూతురివైపు చూశాడు. ఆమె రెండు చేతులతో నోరు మూసుకుని తల్లి వెనక నక్కి ఉంది. కింద పేపరువాళ్లు ఉన్నారు, వెంకటయ్య టికెట్ ఉంది, థియేటర్ ఖాళీగా ఉంది. ఒక ఆపరేషన్ జరిగితే తప్ప ఆ కార్లు వెనక్కి తిరగవు.

"ఇప్పుడే తియ్యున్రి సార్" అన్నాడు.

గంట తర్వాత పెద్ద డాక్టర్ వరండాలోకి వచ్చి, ఒక్క అబద్ధం కూడా ఆడకుండా, "ఆపరేషన్ బాగా జరిగింది. పాప హాయిగా ఉంది" అని చెప్పి వెళ్లిపోయాడు. బిక్షమన్న చప్పట్లు కొట్టాడు. వెంకటయ్య అక్కడికక్కడే దేవుడికి దణ్ణం పెట్టుకున్నాడు.

కాశీనాథ్ నాలుగు కుట్లతో, నోట్లో దూది కుక్కించుకుని బయటికి వచ్చాడు. కుడి బుగ్గ పూరీలా పొంగింది. దూది తియ్యకూడదు, మాట్లాడకూడదు. హర్షిత అతని దగ్గరికి వచ్చి తలెత్తి చూసింది.

"నాకు కొయ్యలే డాడీ. నీకే కోసిన్రా?"

అతను తలూపాడు. ఆమె అతని వేలు పట్టుకుంది. మూడు వారాల్లో మొదటిసారి, పెదవి కొరుక్కోకుండా, నిండుగా నవ్వింది. ఆ నవ్వు చూసి కాశీనాథ్‌కు కళ్లనిండా నీళ్లొచ్చాయి.

అంతలో బిక్షమన్న పిల్లను ఎత్తుకుని కెమెరాల ముందుకు నడిచి, ఆమె పెదవి వేలితో తిప్పి చూపించాడు.

"చూడున్రి! ఎంత పెద్ద ఆపరేషన్! కోసిన నిషాన్ గూడ లేదు!"

కాశీనాథ్ చెయ్యెత్తి ఏదో చెప్పబోయాడు. దూదిలోంచి మూలుగు మాత్రమే వచ్చింది. స్వప్నిక అతని చెయ్యి కిందికి లాగింది.

మర్నాడు జిల్లా పేజీలో కాశీనాథ్ ఫోటో పడింది, దాని కింద "ఆనందంతో నోట మాట రాని తండ్రి" అని రాశారు.